నడిచి మజ్జిగ

నా పేరులోనే ఉరుకు ఉంది.
ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంటే పుట్టినానంట,
ఉరుకుందమ్మ అని పెట్టినారు.
నలభై రెండేండ్లు ఆ ఉరుకు
రేషన్ కార్డులో, ఆధార్‌లో, జీతం పట్టీలో పండుకోనుండింది.
కాళ్ళలోకి ఒక్క దినమూ దిగల్యా.

కర్నూలు ఉల్లిగడ్డల యార్డులో కాటా చీటీలు రాస్తా.
బస్తాలు కదులుతాయి, హమాలీలు కదులుతారు,
కాటా ముల్లు గూడా కదులుతుంది.
నేను కుర్చీ.
పోయిన ఎండాకాలం ఆ కాటా మీదనే ఊరికే నిలబడితే
తిక్కన్న ముల్లు చూసి, "అక్కా, బస్తాన్నర" అన్నాడు.
అందరితో పాటు నవ్వినా.
ఇంటికి పోయినాక నవ్వల్యా.

పక్కింటి రిహానా కానిస్టేబుల్ పరుగుకు తయారవుతాంది.
పాత క్యాలెండర్ వెనక గీతలు కొట్టి ఇచ్చింది:
నిమిషం ఉరుకు, రెండు నిమిషాలు నడక,
ఎనిమిది మార్లు. వారానికి మూడు దినాలు.
"తొమ్మిది వారాలకు అరగంట ఆగకుండా ఉరుకుతావత్తా."

మొదటి వారం స్టేడియం మట్టి నన్ను నమ్మింది.
రెండో వారం నేను దాన్ని నమ్మినా.
మూడో వారం, మూడు నిమిషాలు ఉరకాల్సిన కాడ,
కుండ పగిలిందేమోనని వేలితో తట్టి చూసినట్టు
మోకాలి కింద ఎముకను ఎవరో తట్టడం మొదలుపెట్టినారు.

నడిచినా. తలెత్తకుండా నడిచినా.
పిల్లలు పక్కనుంచి దుమ్ము లేపుకుంటా పోతాంటే
సెల్లులో ఏదో చూస్తాండట్టు నటించినా.
నడకంటే అప్పుడు నాకు
పరీక్ష తప్పినోడు బడి గోడ వారగా పోయేది.

రిహానా క్యాలెండర్ తీసుకోని
మూడో వారం మీద అడ్డగీత కొట్టింది.
కింద రాసింది: నడక.
దాని కింద మళ్ళా: నడక.
ఖాళీ దినాల్లో గూడా, మాపటేల కూడా.
"నీ గుండె తయారుగా ఉండాదత్తా,
ఎముకలే ఇంగా పాత ఉద్యోగంలో ఉండాయి."

ఆటో మానేసినా.
చీటీలు రాసే చెయ్యి ఊరుకోదు కదా,
ఊరంతా తూకం వేసినా:
యార్డు గేటు నుంచి కెనాల్ గట్టుకు
వెయ్యిన్నూట పది అడుగులు.
గట్టు మీద ఉగ్గాని బండి వాసన ముప్పై.
బురుజు నీడ, పొద్దు వాలేటప్పుడు, అరవై నాలుగు,
ఎండాకాలం తగ్గుతాది.
హంద్రీ వంతెన మీద మాత్రం లెక్క తప్పుతాది,
గాలికి కొంగు పట్టుకోవాల.

పెద్దోళ్ళు చెప్పినారు,
పరిగెత్తి పాలు తాగేదానికన్నా
నిలబడి నీళ్ళు తాగేది మేలని.
నడిచేటోళ్ళు ఏం తాగాలో చెప్పల్యా.
నేను చెప్తా: మజ్జిగ.
పాలూ నీళ్ళూ రెండూ దాంట్లోనే ఉండాయి.
ఎవరూ పందెం కాయరు,
చెంబు ఖాళీ అయినాక ఒళ్ళు తేలిక.

తొమ్మిది వారాల క్యాలెండర్‌కు
పందొమ్మిది వారాలు పట్టింది.
అరగంట? ల్యా.
పన్నెండు నిమిషాలు.
పదమూడోది ఒక దినం వస్తాది,
రాని దినం మజ్జిగ.
ఎముకను తట్టేటోళ్ళు ఎప్పుడు లేచిపోయినారో,
దానికి చీటీ రాసి పెట్టుకోల్యా.

మొన్న రిహానా పరుగు తప్పింది.
తొమ్మిది సెకన్లు.
రెండు దినాలు స్టేడియంలో కనపడల్యా,
బూట్లు వాకిట్ల బోర్లించి ఉండాయి.
మూడో దినం పొద్దన్నే తలుపు కొట్టినా.
"పండుకోనుంది, లెయ్యదు" అనింది వాళ్ళమ్మ మాబున్నీ.
లోపలికి పోయి క్యాలెండర్ దాని ముందర పరిచినా,
దాని రాత దానికే చూపించినా.
మొగం దుప్పట్లోనే పెట్టుకోని
"నేనింగ ఉరకలేనత్తా" అనింది.

ఉరకమని ఎవరన్నారే?
బూట్లు ఆడనే ఉండనీ,
చెప్పులేసుకో.
బురుజు దాకా పోయి వంతెన మీదుగా వద్దాం.
లెక్క నువ్వు పెట్టు ఈరోజు.
వంతెన మీద తప్పుతాది,
తప్పనీ.